దానయ్య వాటా

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి కడుపులో మంట. మనకి కడుపులో మంటైతే ఇంట్లో ఎవరో ఒకరు జీలకర్ర నీళ్ళు కాచి ఇస్తారు. సముద్రానికి ఎవరిస్తారు? అందుకని అది అప్పుడప్పుడూ నిప్పు కక్కేది. ఆ నిప్పు నీళ్ళలో చల్లారి నల్లరాయి అయ్యేది. రాయి మీద రాయి పేరుకుని, పేరుకుని, ఒకనాటికి నీళ్ళపైకి తల ఎత్తేది.

అలా పుట్టిన దీవులు ఏడు. ఏడూ ఒకే వరసలో, బడి గంట కొట్టాక నిలబడ్డ పిల్లల్లా, ఒకదాని వెనక ఒకటి ఉండేవి. అన్నిటికన్నా చిన్నది ఇంకా పొగలు చిమ్ముతూ ఉండేది. అన్నిటికన్నా పెద్దది అరిగి, వంగి, సముద్రంలోకి మెల్లగా కుంగిపోతూ ఉండేది. మన కథ నడిమి దీవిది.

వట్టి రాతిమీదికి ప్రాణాలెలా వచ్చాయంటారా? ఒక్కొక్కటే వచ్చాయి, తీరిగ్గా వచ్చాయి. నాచు గాలిలో వచ్చింది. సాలీడు తన దారాన్నే గాలిపటం చేసుకుని వచ్చింది. గింజ ఒక పిట్ట కాలి బురదలో వచ్చింది. తాబేలు ఎక్కడి వరదలోనో కొట్టుకుపోయి, తల నీళ్ళపైన పెట్టుకుని, వారాల తరబడి తేలి తేలి ఒడ్డుకు చేరింది. వాటినెవరూ పిలవలేదు, ఎవరూ తోలలేదు. వచ్చిన దారి మరిచిపోయేటంత కాలం అక్కడే బతికాయి కనక, ఆ దీవి వాటిదైంది.

అక్కడ పులి లేదు, నక్క లేదు, పిల్లి లేదు. భయపడే పని లేక ఆ జీవులు భయాన్నే మరిచిపోయాయి. ముళ్ళపొదలు ముళ్ళు మొలిపించుకోవడం మానేశాయి. నేలకోడి అనే పిట్ట ఎగరడం మానేసింది. రెక్కలున్నాయి కదా, ఎగరవేమని ఎవరైనా అడిగితే, "పెట్టెలో పట్టుచీర ఉందని రోజూ కడతామా?" అనేది.

ఆ దీవికి ఏరు లేదు, ఊట లేదు. వాన ఏడాదికి నాలుగు రోజులే. మరి నీళ్ళో? కొండ నెత్తిమీద మంచుచెట్లనే చెట్లుండేవి. పొద్దున్నే సముద్రం మీంచి మంచు లేచి కొండ దాటి పోతుంటే, ఆ చెట్లు తమ సన్నటి ఆకులతో, తల్లి బిడ్డ జుట్టు దువ్వినట్టు, ఆ మంచుని దువ్వేవి. ఆకుని అంటిన తేమ బొట్టయ్యేది. బొట్టు కొమ్మమీదికి, కొమ్మ మీంచి మొదట్లోకి, అక్కణ్ణించి పళ్ళెంలాంటి రాతి గుంటలోకి జారేది. ఆ గుంట పేరు బొట్ల మడుగు. టపటపమనే ఆ చప్పుడుతోనే దీవి నిద్ర లేచేది. దీవి దాహమంతా ఆ మడుగే తీర్చేది.

ఇలా ఉండగా ఒకనాడు, కోరంగి రేవున బయలుదేరిన తెరచాప ఓడ ఒకటి ఆ దీవి దగ్గర లంగరు వేసింది.

ఆ ఓడలో వంటవాడు దానయ్య. దానయ్య దగ్గర ఒక మేక ఉండేది. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీంచి మూతి దాకా తెల్లటి చార. అందుకని దాని పేరు బొల్లి. తల్లి చచ్చిపోయిన కూనని దానయ్య వేలు గంజిలో ముంచి చీకించి బతికించాడు. పెరిగి పెద్దయ్యాక అది ఓడలో జ్వరపడినవాళ్ళకి పాలిచ్చింది. రోజూ గంజి వార్చగానే దానయ్య గరిటెతో కుండ అంచుమీద మూడుసార్లు కొట్టేవాడు. టంగు, టంగు, టంగు. ఆ మోత వినపడితే బొల్లి ఓడలో ఏ మూల ఉన్నా పరుగెత్తుకొచ్చేది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ కాలపు ఓడవాళ్ళకి ఒక ఆచారం ఉండేది. మనుషులు లేని దీవి కనపడితే ఒక మేకనీ ఒక పోతునీ దింపి వెళ్ళిపోయేవారు. అవి అక్కడ మేసి, ఈని, మందవుతాయి. తిరుగుదారిలో ఆకలైనప్పుడు మాంసానికి వెతుక్కోనక్కర్లేదు. ఈ ఆచారం సంగతి ఓడవాళ్ళందరికీ తెలుసు. మేకలకి మాత్రం ఎవరూ చెప్పరు.

ఓడ పెద్ద పేరు గంగరాజు. పాలు వట్టిపోయాయి కాబట్టి ఈసారి బొల్లినే దింపెయ్యమన్నాడు. దానయ్య బతిమాలాడు. గంగరాజు వినలేదు. చివరికి దానయ్యే బొల్లిని భుజాన వేసుకుని ఒడ్డుకి మోశాడు. గంజి పోశాడు. ఒక ఉప్పుగల్లు ఎక్కువే వేశాడు.

"ఎల్లొత్తానే బొల్లీ," అన్నాడు దాని చెవి నిమురుతూ. "గాలి తిరిగాక మల్లీ ఇటే వత్తాం. అప్పుడు నువ్వూ నేనూ కలిసి మనూరెల్లిపోదాం."

ఆ మాట నిజమో, ఏడుపు ఆపుకోవడానికి అన్నదో, దానయ్యకే తెలియదు. బొల్లి మాత్రం ఓడలో పెరిగిన మేక, మనుషుల మాట తెలిసిన మేక. మాటంటే మాటే అనుకుంది.

తెరచాప చిన్నదై, చుక్కై, లేకుండా పోయేదాకా బొల్లి ఇసకలోనే నిలబడింది. దానితోపాటు దిగిన పోతు అప్పటికే రెండు పొదలు ఖాళీ చేసి మూడోదాని మీద పడింది.

ముందుగా నేలకోడి వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. "కొత్తమ్మా, నీ నెత్తిన ఆ కొమ్మలేమిటి? ఆకులు రాలిపోయాయా?" అంది. అవి కొమ్ములని బొల్లి చెప్పింది. పొడవడానికని కూడా చెప్పింది. ఎవర్ని పొడవాలని నేలకోడి అడిగితే, ఆ దీవిలో చెప్పడానికి ఎవరి పేరూ తోచలేదు.

తరవాత నిమ్మళమ్మ వచ్చింది. నిమ్మళమ్మ అంటే ఆ దీవి తాబేళ్ళన్నిటికీ పెద్ద. నూరేళ్ళు దాటిన మనిషి. మనిషంటే మనిషి కాదు లెండి, మన లెక్కలో పెద్దమనిషి. ఆవిడ రావడానికి ఒక పూట పట్టింది. వచ్చి, దాహంగా ఉందేమో పద తల్లీ అని, బొల్లిని వెంటబెట్టుకుని కొండెక్కించి మడుగు చూపించింది. ఎక్కడానికి ఇంకో రెండు పూటలు పట్టింది.

బొల్లి కడుపారా తాగింది. తాగి తలెత్తి చూస్తే, ముందూ వెనకా చెట్లే. సముద్రం చప్పుడు వినపడుతోంది గాని సముద్రం కనపడటం లేదు.

"పెద్దమ్మా, ఇక్కణ్ణించి ఓడలు కనపడవా?" అంది బొల్లి.

"కనపడవు తల్లీ. చెట్లు అడ్డం."

 ఆ మాట బొల్లి మనసులో ముల్లులా దిగింది.

రోజులు గడిచాయి. మేత మెండుగా ఉంది. తరిమేవాడు లేడు. పోతు బలిసింది. బొల్లి మాత్రం తిన్నది ఒంటపట్టకుండా తిరిగేది. పొద్దున్నే కళ్ళు తెరవగానే దానికి కోరంగి కళ్ళలో మెదిలేది. ఉప్పుటేటి గట్టున మడచెట్లు, గట్టుమీద ఆరబెట్టిన ఎండుచేపల వాసన, తాటాకు పాక వెనక చింతచిగురు. చింతచిగురు దాకా వచ్చేసరికి బొల్లి నోట్లో నీళ్ళూరేవి, కళ్ళలోనూ ఊరేవి. సముద్రపు పిట్టలు రాళ్ళమీద ముక్కు కొట్టుకున్న చప్పుడైతే చాలు, గరిటె మోతేమోనని చెవులు రిక్కించేది.

ఒకనాడు అది మడుగు దగ్గరికెక్కి, తూర్పు పక్కనున్న మంచుచెట్టు ఆకులు కొంచెం తిన్నది. ఆకులు పోయినచోట సముద్రం ముక్క ఒకటి కనపడింది. కిటికీలో కనపడ్డట్టు నీలంగా, ఇంతంటే ఇంత. బొల్లికి ప్రాణం లేచివచ్చింది. రోజూ వచ్చి ఆ కిటికీని కొంచెం కొంచెం పెద్దది చేసుకుంది. అందనంత ఎత్తున ఆకులుంటే మొదట్లో బెరడు చీల్చింది. చెట్టు ఎండింది. కిటికీ తలుపంత అయింది.

నిమ్మళమ్మ చూసి, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఆకలికి తిను తల్లీ, నేనొద్దనను. కొండ కింద అంతా మేతే. ఇవి మేత చెట్లు కావు, నీటి చెట్లు."

"ఒక్క పక్కే పెద్దమ్మా," అంది బొల్లి. "నా దానయ్య వచ్చేది తూర్పునించే."

గాలి తిరిగింది. గాలితోపాటు ఒక తెరచాప వచ్చింది. బొల్లి ఆ సందులోంచి చూసింది. అరిచింది. రాతిమీద నాలుగు కాళ్ళతో గెంతింది. తెరచాప దీవికి దూరంగా, చాలా దూరంగా, అటు నించి ఇటు సాగి చెట్ల వెనక్కి పోయి మళ్ళీ కనపడలేదు. అది దానయ్య ఓడో కాదో ఎవరికీ తెలియదు. బొల్లి మాత్రం అదే అనుకుంది.

సందు ఇంకా పెద్దదైతే వాడికి నేను కనపడేదాన్ని అనుకుంది. తప్పంతా చెట్లదే అనుకుంది. చూశారా, ఎదురుచూసే మనసుకి ఎదురుగా ఉన్నదంతా అడ్డంగానే కనపడుతుంది.

ఆ ఏడు బొల్లి ఈనింది. మరుసటేడు మళ్ళీ ఈనింది. పిల్లలకి పిల్లలు పుట్టాయి. చూస్తూండగానే మంద అయింది. బొల్లి ఆ మందకి ఒక నియమం పెట్టింది. పొద్దున్న లేచి ఎవరి మేతకి వాళ్ళు పోయేముందు, ప్రతి మేకా కొండెక్కి మంచుచెట్ల దగ్గర ఒక్క నోరు కొరకాలి. మొలకైతే మొలక, బెరడైతే బెరడు. ఆ నోటి మేతకి దానయ్య వాటా అని పేరు.

"దానయ్యంటే ఎవరవ్వా?" అని కూనలు అడిగేవి.

"మనల్ని ఇంటికి తీసుకుపోయేవాడు," అనేది బొల్లి.

ఆ కూనల్లో ఒక్కటీ కోరంగిని చూడలేదు. అయినా అవ్వ చెప్పే చింతచిగురు కథ విని విని, అవి కూడా తూర్పుకి తిరిగి నోరూరించుకునేవి. తమకి ఇల్లనేది వేరేచోట ఉందని అనుకునేవి. పుట్టిన దీవిలోనే పరాయివాళ్ళలా తిరిగేవి.

దానయ్య వాటా రోజూ తీరుతూ వచ్చింది. కొండ నెత్తి పలచబడింది. మంచు మునుపటిలాగే వచ్చేది. దువ్వేవాళ్ళు లేక, వచ్చినదారినే పోయేది. మునుపు వాన పడ్డట్టు వినపడే బొట్ల చప్పుడు ఇప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టేటట్టు వినపడేది. మడుగు అంచులు ఎండి, తెల్లటి చారలు పడ్డాయి.

నేలకోడి ఒకరోజు మడుగులోకి తొంగి చూసి, "మునుపు ఇందులో ఆకాశమంతా కనపడేది. ఇప్పుడు నా ముక్కు ఒక్కటే కనపడుతోంది కొత్తమ్మా," అంది. బొల్లి వచ్చి ఎనిమిదేళ్ళైనా దానికి కొత్తమ్మే.

"ఈ ఏడు వానలు తక్కువ," అంది బొల్లి.

నిమ్మళమ్మ అటూ ఇటూ చూసింది. వానలెప్పుడు ఎక్కువని అడగబోయి, ఊరుకుంది.

ఆ మరుసటేడు రెండో ఓడ వచ్చింది. దూరంగా పోలేదు, లంగరే వేసింది. మనుషులు ఒడ్డుకి దిగారు. కుండ దింపి పొయ్యి రాజేశారు. ఎవరో గరిటెతో కుండ మీద కొట్టారు.

బొల్లి కొండమీంచి దొర్లినట్టు దిగింది. దగ్గరికి పోయి చూస్తే, వాళ్ళ మాట వేరు, బట్ట వేరు. దానయ్య లేడు. బొల్లి రాయి చాటున ఆగిపోయింది.

ఆ మనుషులు తలెత్తి కొండ నెత్తి చూశారు. మునుపైతే చెట్లు తప్ప ఏమీ కనపడేది కాదు. ఇప్పుడు బోసికొండమీద మెల్లగా మేస్తున్న తాబేళ్ళు ఒడ్డునించే కనపడ్డాయి. తాడూ గడలూ పట్టుకుని ఎక్కారు. ఆ దీవి జీవులకి భయం తెలియదని మీకు ముందే చెప్పాను కదా. తొమ్మిది తాబేళ్ళని వెల్లకిలా తిప్పి, గడలకి కట్టి మోసుకుపోయారు. వాటిలో ఒకటి నిమ్మళమ్మ చెల్లెలు. చివరిగా మిగిలిన గుబురులో, పెద్ద మంచుచెట్టు మొదట్లో ఉన్న నిమ్మళమ్మ మాత్రం వాళ్ళ కంట పడలేదు. పోతూ పోతూ బొల్లి మనవలు రెండింటిని భుజాన వేసుకుపోయారు.

ఓడ కదిలింది. బొల్లి కొండెక్కి పెద్దమ్మ పక్కన నిలబడి చూసింది.

"అదృష్టవంతులు," అంది మనవల్ని తలుచుకుని. "నాకన్నా ముందే ఇంటికి పోతున్నారు."

 నిమ్మళమ్మ కళ్ళు ఓడ మీదే ఉన్నాయి.

"తల్లీ, మమ్మల్ని వెల్లకిలా ఎందుకు పడుకోబెడతారో తెలుసా? అలా పడుకోబెడితే మేం నడవలేం. తిండీ నీళ్ళూ లేకపోయినా నెలల తరబడి చావం. అదే మా పాపం. కావలసిన రోజున ఒకదాన్ని పైకి తీస్తారు. ఓడవాళ్ళు ఏది మోసుకుపోయినా ఆకలికే మోసుకుపోతారు. ఏది వదిలిపోయినా ఆకలికే వదిలిపోతారు."

"నా దానయ్య అలాంటివాడు కాడు," అంది బొల్లి.

"కాకపోవచ్చు. మా చెల్లి కోసం నేనూ ఎదురుచూస్తాను. రాదని తెలిసీ చూస్తాను. చెట్లు మాత్రం తినను."

అంతకన్నా గట్టి మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు. బొల్లికి కోపం వచ్చింది. మరునాటి నించి పెద్దమ్మతో మాట మానేసింది. దానయ్య వాటా మాత్రం మానలేదు.

మరి మూడేళ్ళు పోయాయి. బొల్లి గడ్డం తెల్లబడింది. కళ్ళు కాయలు కాశాయి. కొండమీద ఒకే ఒక్క మంచుచెట్టు మిగిలింది. అది కూడా ఎందుకు మిగిలిందంటే, నిమ్మళమ్మ దాని మొదలుకి చుట్టుకున్నట్టు కూర్చుని కదలలేదు కనక. మంద దానిచుట్టూ తిరిగి విసుక్కునేది. పెద్దమ్మ తల లోపలికి లాక్కునేది. రాయితో ఎవరు పోట్లాడతారు?

ఆ ఒక్క చెట్టు రాల్చే బొట్లతో మడుగు అడుగున చారెడు తడి ఉండేది. పగలు ఎండకి అదీ ఆరేది. మేకలు కొండ కింద రసమున్న దుంపలు తవ్వి నమిలేవి. నేలకోడి పొదిగిన ఆరుగురు పిల్లల్లో ఇద్దరే మిగిలారు. నేలకోడి హాస్యాలు ఆడటం మానేసింది.

అప్పుడు మూడో ఓడ వచ్చింది.

కొండ ఇప్పుడు నాలుగు వైపులా బట్టబయలు. బొల్లి దాన్ని చుక్కంత ఉన్నప్పుడే చూసింది. పెద్దదవుతుంటే చూసింది. లంగరు నీళ్ళలో పడటం చూసింది. ఒక ముసలివాడు పడవలోంచి దిగి, ఇసకలో నిలబడి, చేతిలోని కుండని గరిటెతో కొట్టాడు.

టంగు, టంగు, టంగు.

బొల్లి పరుగెత్తిందని చెప్పలేను, దాని మోకాళ్ళు అప్పటికే పట్టేశాయి. పడింది, లేచింది, దొర్లింది, చేరింది. దానయ్య కళ్ళకి పొర కమ్మి ఉంది. చేత్తో తడిమి, నుదుటి చార దగ్గర ఆగాడు.

"బొల్లీ, నువ్వేనటే?" అని నేలమీద కూలబడిపోయాడు.

కుండలో గంజి లేదు. వట్టి కుండ.

సంగతేమిటంటే, ఓడలో నీటి పీపా ఒకటి పగిలింది. మిగిలిన నీళ్ళు తలా రోజుకొక కొబ్బరిచిప్ప. ఎటు పోవాలా అని అందరూ తలలు పట్టుకుంటే, నడిమి దీవి కొండమీద, బొల్లిని దింపిన రోజున దాని గంజికి తను నీళ్ళు తెచ్చిన నిండు మడుగుందని దానయ్య చెప్పాడు. రెండు రోజుల దారి వెనక్కి తిప్పించాడు. తిప్పించేముందు గంగరాజుతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. పీపాలు నిండితే, మందలోంచి ఓడవాళ్ళు ఏవైనా తీసుకోవచ్చు గాని, బొల్లి ఒక్కటి మాత్రం తనతో కోరంగి రావాలి. తన ముద్దలో సగం దానికి పెట్టుకుంటానన్నాడు. గంగరాజు సరేనన్నాడు.

ఈ మాటలన్నీ ఓడవాళ్ళు పీపాలు భుజానికెత్తుకుని కొండెక్కుతూ అనుకుంటుంటే బొల్లి విన్నది. మంద బాగా పెరిగిందని ఒకడు అన్నాడు. ఇందుకే గదా అప్పట్లో రెండింటిని వదిలాం అని ఇంకొకడు నవ్వాడు.

బొల్లి అడుగు తడబడింది. దానికి రెండో ఓడ గుర్తొచ్చింది. అదృష్టవంతులు అని తను అన్న మాట గుర్తొచ్చింది.

దానయ్య దాని మెడమీది చేత్తోనే ఆ తడబాటు కనిపెట్టాడు. "అవునే," అన్నాడు మెల్లగా. "అప్పుడు నీకు అబద్దమే ఆడాను. ఈసారి మటుకు నిజంగా తీసుకుపోదామనే వచ్చాను."

కొండ నెత్తికి చేరారు. అక్కడ ఎండిన మోళ్ళు. మోళ్ళ నడుమ రాతి పళ్ళెం. పళ్ళెంలో తెల్లటి చారలు.  ఒకడు వంగి వేలితో అడుగు గీకి చూశాడు. మట్టి లేచింది.

"ఇక్కడ చెట్లుండేవి," అన్నాడు దానయ్య. "పెద్ద చెట్లు. ఆటి కిందే నీళ్ళుండేవి." అటూ ఇటూ తడుముకున్నాడు. మోళ్ళని చేత్తో పట్టి చూశాడు. మోడు మీద మేక పళ్ళ గాట్లు అతని వేళ్ళకి తగిలాయి. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

బొల్లి తల దించుకుంది.

గంగరాజు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. నీళ్ళున్న ఇంకో దీవికి నాలుగు రోజుల దారి, పొద్దు వాలేలోగా గాలి పట్టాలని అందర్నీ తరిమాడు. మాంసం కూడా వద్దన్నాడు. తింటే దాహం రెండింతలవుతుందన్నాడు. దానయ్య బొల్లి మెడ వదల్లేదు.

"మనుషులకే చాలవు," అన్నాడు గంగరాజు. "మేకని ఎక్కించి ఏం తాగిస్తావు దానయ్యా, సముద్రమా?"

ఆ మాట నిజమని దానయ్యకీ తెలుసు, బొల్లికీ తెలుసు.

దానయ్య తన మొలకి కట్టుకున్న కొబ్బరిచిప్ప తీశాడు. తోలుతిత్తిలోంచి ఆ రోజు తన వాటా నీళ్ళు అందులో వంచి, బొల్లి ముందు పెట్టాడు. దాని చెవి నిమిరాడు. ఎల్లొత్తానని ఈసారి అనలేదు. కుండ పట్టుకుని, రాళ్ళు తడుముకుంటూ దిగిపోయాడు.

బొల్లికి నాలుక పిడచ కట్టుకుపోయింది. చిప్ప వైపు వంగింది. వంగినప్పుడు, మోడు పక్కన నేలకోడి కనపడింది. దాని రెక్కల కింద ఇద్దరు పిల్లలు, ముక్కులు తెరుచుకుని. నేలకోడి  చూపు పక్కకి తిప్పుకుంది.

బొల్లి నాలుగు అడుగులు వెనక్కి వేసింది.

పిల్లలు తాగుతున్నంతసేపూ అది సముద్రం వైపు చూడలేదు. తెరచాప చిన్నదవడం, చుక్కవడం, లేకుండా పోవడం ఈసారి చూడలేదు. అన్నీ అయ్యాక పెద్దమ్మ దగ్గరికి పోయి నిలబడింది. మూడేళ్ళ తరవాత మొదటిసారి మాట్లాడింది.

"వాడు మాట నిలబెట్టుకున్నాడు పెద్దమ్మా. వాడొచ్చేసరికి నీళ్ళు నేనే లేకుండా చేశాను."

నిమ్మళమ్మ నేను ముందే చెప్పానని అనలేదు. మొదలుకి ఆనుకున్న వీపు కొంచెం పక్కకి జరిపింది. అక్కడ, ఆవిడ డిప్ప నీడలో, వేలెడంత మంచుమొక్కలు నాలుగైదు ఉన్నాయి. ఆ ఒక్క చెట్టు రాల్చిన గింజలవి.

"నేను ఒక పక్కే కాయగలను తల్లీ," అంది.

ఆనాటి నించి రెండో పక్క బొల్లి పడుకుంది.

అది తేలికైన పనని అనుకోకండి. నేర్పడానికి ఒక్కరోజు చాలు, మాన్పడానికి ఏళ్ళు పడుతుంది. తెల్లారగానే మంద అలవాటు ప్రకారం కొండెక్కి వచ్చేది. బొల్లి లేచి, ఆ పట్టేసిన మోకాళ్ళతో, కొమ్ములు దించి అడ్డం నిలిచేది. ఆ దీవికొచ్చాక కొమ్ములకి పని పడింది అప్పుడే. ఒకనాడు దాని మనవరాలు ఎదురు తిరిగి, "దానయ్య వాటా కొరకమని నువ్వే గదా నేర్పావు అవ్వా?" అంది.

మంద అంతా ఆగి విన్నది. బొల్లి ఏదో ఒక సాకు చెప్పవచ్చు. అవ్వ కదా, నమ్మేవాళ్ళు.

"నేనే నేర్పాను," అంది బొల్లి. "తప్పు నేర్పాను. దానయ్య వాటా అంటే కొరికేది కాదు. కొరకకుండా వదిలేది."

మనవరాలు మొక్కని చూసింది, అవ్వని చూసింది, దిగిపోయింది. వెనక ఒక్కొక్కటే మిగతావీ దిగిపోయాయి. మరునాడు మళ్ళీ వచ్చాయనుకోండి. కానీ ఆ మరునాడు తక్కువ వచ్చాయి.

మొక్కలు మోకాలెత్తు అయ్యాయి. నడుమెత్తు అయ్యాయి. బొల్లి ఇప్పుడు ఎక్కువగా పడుకునే ఉండేది. అది పడుకుంటే సముద్రం కనపడకుండా పోయేటంత ఎత్తు పెరిగాయి. కోరంగి గుర్తు రాదా అంటే, రాకేం. చింతచిగురు తలపుకొస్తే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరేవి. గాలి తిరిగినప్పుడల్లా చెవులు నిక్కేవి. ఆశ చావలేదు. అది కూర్చునే చోటు మారిందంతే. నీళ్ళకోసం వచ్చేవాడు నీళ్ళ దగ్గరికే వస్తాడు కదా అని, మడుగు ఒడ్డునే పడుకునేది.

ఒకనాడు తెల్లవారుతుండగా మంచు లేచింది. కొండ దాటి పోతూ, లేత ఆకుల దగ్గర కొంచెం ఆగింది. నేలకోడి దానయ్య కొబ్బరిచిప్పని ముక్కుతో తోసి తోసి ఒక కొమ్మ కింద పెట్టింది.

చిప్పలో ఒక బొట్టు పడింది.

బొల్లి లేవబోయింది. గరిటె మోత అనుకుందో ఏమో. అంతలో రెండోది పడింది, కాసేపటికి మూడోది.

"ఎవరి వాటా కొత్తమ్మా ఇది?" అంది నేలకోడి. చాలా ఏళ్ళకి దాని గొంతులో నవ్వు తిరిగొచ్చింది.

"తెలిసీ అడుగుతావు," అంది బొల్లి. చిప్ప పక్కన గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని, బొట్లు వింటూ పడుకుంది.

దానయ్య మళ్ళీ వచ్చాడా అని నన్నడగకండి. కథ నన్ను మడుగు ఒడ్డు దాకానే తెచ్చి దింపింది, మనం అక్కణ్ణించే ఇంటిదారి పట్టాలి. ఈ ఒక్క మాట మాత్రం మూట కట్టుకోండి.

దారి చూడటానికి చెట్టు నరుక్కున్నవాడు దారి చూస్తాడు గాని, వచ్చినవాడికి దాహం తీర్చలేడు. ఎదురుచూడటమంటే వచ్చేవాడికోసం నీళ్ళు కాపాడి ఉంచడం.